వసూలు

బార్కాస్‌లో లుంగీల దుకాణం, అవద్ బిన్ సయీద్.
కార్డు మీద రోజుకు రెండొందలు.
నేను బండి దిగకముందే
"వచ్చిండు మా వసూల్" అని నవ్వేవాడు.

ఒకరోజు గల్లా మూసి
బిల్లు వెనక మూడక్షరాలు గీశాడు.
వావ్, సాద్, లామ్.
"దీనికి అప్పుతో పని లేదు బేటా.
అరబ్బీలో వుసూల్ అంటే చేరుడు.
రైలు టేషన్‌కు చేరుతది చూడు, అది."

సిలా అంటే చుట్టరికం తెగకుండా పట్టుకునుడట.
ఇత్తిసాల్ అంటే ఫోను కలవడం.
ముకల్లాలో చెల్లెలికి ఆయన ఫోను
ఎప్పుడూ కలవదు.
విసాల్ దగ్గర మాత్రం ఆగి
మడత పెట్టిన లుంగీనే మళ్లీ మడిచి
"అది మొహబ్బత్‌వాళ్ల మాట, నీకెందుకు" అన్నాడు.

జామకాయ కోసి ఉప్పద్ది చేతిలో పెట్టాడు.
ఆ రోజు కిస్తీ ఇవ్వలేదు.

నెల తిరగలేదు, షట్టరు సగం దించి ఉంది.
కొడుకు గడప మీద చెప్పులు సర్దుతూ
"అబ్బా కా విసాల్ హోగయా" అన్నాడు.

చావుకూ అదే మాటా?

లోపల ఫోను మోగుతోంది.
ఎవరూ తియ్యడం లేదు.
పదకొండు కిస్తీలున్నాయి ఇంకా.
వసూలు గడి ఖాళీగా వదిలేసి
పక్కన బాకీ అని రాశాను.

ఆ మాటకు వేరేమిటో
ఆయన్ని అడగనే లేదు.