ముప్పై మాత్రలు, నలభై అయిదు రోజులు

స్ట్రిప్పు కత్తిరించేటప్పుడు
తేదీ అచ్చైన వైపు ఆఖరికి మిగిలేలా కోస్తాను.
ఎవరూ పట్టించుకోరు ఆ సంగతి.
మావయ్య నేర్పాడు, ఈ కొట్టు అప్పట్లో ఆయనది:
తేదీ లేని మాత్ర
పేరడిగితే చెప్పని మనిషిలాంటిదమ్మా,
ఇంట్లో పడుకోనివ్వకూడదు.

సఖినేటిపల్లి రేవు నించి నాలుగో కొట్టు మాది.
పంటు దిగిన మోటారుసైకిళ్ళ బురద
మా మెట్ల మీదే ఎండుతుంది.
ఆవలి ఒడ్డున నర్సాపురం డాక్టర్లు,
ఈవల నేను, చీటీలు.

లుంగీ మడతలో తడిసి ఆరిన చీటీ.
బైబిల్లో దాచిన చీటీ, మడతల దగ్గర కూడా చిరగనిది.
రొయ్యల చెరువు కాపలా దావీదుదైతే
మేత వాసన.
సుభాషిణి చీటీ తేదు, ఖాళీ సీసా తెచ్చి ఊపుతుంది.
కంపెనీ మారి రంగు మారితే
"ఇది ఆ మాత్ర కాదు" అంటుంది.
కింద చిన్నక్షరాల్లో ఉన్న పేరు
రెండింటి మీదా చదివి వినిపిస్తాను.
నమ్మదు. పట్టుకెళ్తుంది.

పొడుగాటి పద్దు పుస్తకం ఒకటుంది నాకు, అప్పులకి కాదు.
ఎవరి మందు ఏ రోజుకి అయిపోతుందో రాసుకునేది.
రెండ్రోజుల ముందు ఫోన్ చేస్తాను.
గోదారికి ఎర్రనీరొచ్చే నెలల్లో పది రోజుల ముందే,
పంటు ఆగితే సరుకు రాదు.

ఆ పుస్తకంలోనే దొరికిపోయాడు గుత్తుల భైరవస్వామి.
కొబ్బరి దింపు మనిషి. బీపీ. రోజుకొకటి, పొద్దున.
మార్చి మూడున ముప్పై.
ఏప్రిల్ పదిహేడున ముప్పై.
జూన్ ఒకటిన ముప్పై.
వేళ్ళ మీద లెక్కేశాను, మళ్ళీ వేశాను.
నలభై అయిదు రోజులకో దింపు.
దింపు అయ్యాకే షావుకారు డబ్బు.
డబ్బొచ్చాకే మాత్రలు.

"మిగతా పదిహేను రోజులూ ఏం వేసుకుంటున్నావు బాబాయ్?"
నవ్వాడు.
"ఎక్కే రోజు వేసుకుంటానమ్మా.
కింద ఉన్న రోజు దేనికి, దండగ."
ఎంత ఎత్తుంటాయి ఆ చెట్లు?
"ఆయ్, ముసలి చెట్లమ్మా," అన్నాడు,
వాటి వయసే తప్పన్నట్టు.

పట్టీ చుడదామని చెయ్యి చాపమంటే
మోచేతి లోపలంతా మానిన గీతలు.
మిషను బుసబుసమని
నూట డెబ్బై ఆరు దగ్గర ఆగింది.
నేను చెప్పలేదు, చూపించాను.
చదువు లేదు గానీ అంకెలు తెలుసు ఆయనకి,
గెలలు లెక్కపెట్టే మనిషి.

చీటీ ఏడాదిన్నర నాటిది.
దీని మీద ఇంక ఇవ్వకూడదు.
ఇవ్వకపోతే
ఎక్కే రోజున కూడా వేసుకోడు.
కత్తెర చేతిలోనే ఉంది చాలాసేపు.
పది కోసిచ్చాను.
"ఇవి అయ్యేలోపు ఆవలికెళ్ళి కొత్త చీటీ రాయించుకో.
అప్పటిదాకా చెట్టెక్కకు."
మొదటిదానికి సరేనన్నాడు.
రెండోది వినపడనట్టు పంటు కేసి చూశాడు.

తొమ్మిదో రోజున కొత్త చీటీ తెచ్చాడు.
మందు మారింది, ధర కూడా.
పదిహేను ఇప్పుడు, పదిహేను తర్వాత,
డబ్బు దింపయ్యాక.
మావయ్యుంటే అనేవాడు,
అయిపోయిందా, అప్పుల పుస్తకం!

పద్నాలుగో రోజు సాయంత్రం ఫోన్ చేశాను.
చాలాసేపు మోగి, ఎత్తాడు.
ఎవరో చీరలు దులుపుతున్నట్టు చప్పుడు.
"ఎక్కడున్నావు బాబాయ్?"
"పైనున్నానమ్మా. చెప్పు."
మట్టల్లో గాలి.
మందు అయిపోవస్తోందని చెప్పడానికి చేశాను,
నోట మాట రాలేదు.
"పొద్దున్న వేసుకున్నానమ్మా, నీ తోడు,"
తనే అన్నాడు.
"ఫోన్ పెట్టెయ్. రెండు చేతులా పట్టుకో.
దిగాకే మాట్లాడు."

షట్టరు సగానికి దించి కూర్చున్నాను.
ఆఖరి పంటు ఆవలికెళ్ళిపోయింది.
ఎవరో దగ్గుమందు అడిగితే
చిల్లర తప్పు ఇచ్చాను.

ఫోన్ మోగింది.
"దిగానమ్మా."

ఆయన పేరుకెదురుగా
తేదీ రాసే గడిలో
దిగాడు అని రాసుకున్నాను.