సింగిల్ పార్శిల్

జువ్వలపాలెం రోడ్డులో నా కర్రీ పాయింటుకి
ఏడున్నరకి వస్తాడు, హెల్మెట్టు తియ్యకుండానే
"ఒక్కటండి" అంటాడు.
ఏ కూరో చెప్పడు. ఒక్కటి. అంతే.
పండుగప్ప పులుసుంటే అది కడతాను,
లేదంటే దోసకాయ పప్పు.
రబ్బరు బ్యాండు రెండు చుట్లు ఎక్కువే చుడతాను
బైకు మీద ఒలికిపోకుండా.

రొయ్యల ఫ్యాక్టరీలో గడ్డకట్టించే మిషన్లు బిగించడానికి
ఆర్నెల్లకని వచ్చాడట కొరియా నించి.
ఇది నాలుగో వేసవి.
పేరు గ్వాంగ్‌జో. అది నోరు తిరక్క
ఐసు బండి కుర్రాళ్ళు గంగరాజు అన్నారు.
భీమవరంలో రాజు అంటే ఉత్తినే పేరు కాదని
ఆయనకెవరూ చెప్పలేదు.
పిలిస్తే "ఆయ్" అని పలుకుతాడు,
మనకన్నా సాగదీసి.

మీరూ నువ్వూ తేడా తెలీదు.
నన్నూ మీరే, గిన్నెలు కడిగే పోలమ్మనీ మీరే,
షట్టరు కింద పడుకునే కుక్కని కూడా
"జరగండి" అంటాడు.
అది జరుగుతుంది మరి.

ఒకరోజు వాన. కరెంటు లేదు.
స్టూలు మీద కూచుని
ఫోను చెప్పే తెలుగు కొంత, చేతులు చెప్పేది కొంత.
వాళ్ళ దేశంలో మనిషి కనబడగానే
మొదట వయసు అడుగుతారట.
ఒక్క ఏడాది పెద్దయినా మాట మారిపోద్దట,
గ్లాసు రెండు చేతుల్తో పట్టుకోవాలట,
పెద్దాయన లేచేదాకా ఆఫీసులో కుర్చీ వదలకూడదట.
ఏ కాలేజీ, ఏ కంపెనీ, ఎన్ని గదుల ఫ్లాటు,
నలభై దాటినా పెళ్ళెందుకు కాలేదు...
"అక్కడ నేను అద్దాల బీరువాలో గిన్నె" అని
ఫోను పైకి చదివింది.
"ఇక్కడో?" అన్నాను.
చాలాసేపు వెతుక్కున్నాడు మాట కోసం.
"ఇక్కడ నేను వాన" అంది ఫోను.
అది తప్పో ఒప్పో నాకిప్పటికీ తెలీదు.

నవ్వలేదు నేను.
ఆ వానలో నేనూ తడిశాను,
చుక్క పడని మస్కట్లో, తొమ్మిదేళ్ళు.
పదకొండు మంది బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి
శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలు
సముద్రం ఒడ్డున సిమెంటు బెంచీ మీద కూచునేదాన్ని.
వెట్టి చాకిరీయే, కాదనను.
పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలోనే.
కానీ ఆ రెండు గంటలూ
మొగుడొదిలేసిన మాణిక్యాన్ని కాను,
ఫలానా పేటదాన్ని కాను.
చుట్టూ జనం ఏమనుకుంటున్నారో
ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.
ఆ అర్థం కాకపోవడం ఎంత చల్లగా ఉండేదో!
ఈ మాట మా అక్కతో కూడా అనలేదు.
డబ్బు కోసం వెళ్ళానంటే ఊరు ఒప్పుకుంటుంది.
హాయి కోసం ఇంకో ఏడాది ఉండిపోయానంటే?

మొన్న శనివారం వచ్చి హెల్మెట్టు తీశాడు.
తెలుగు పట్టుబడుతోందని మురిసిపోతూ,
ఫ్యాక్టరీలో కొత్తవాళ్ళు ఒకర్నొకరు పలకరించుకునే మాట
నేర్చుకున్నానంటూ,
చేతులు కట్టుకుని, నడుం కొంచెం వంచి, తేటగా
"మీరేవిటోళ్ళండి?" అన్నాడు.

గరిటె పులుసులో ఆగిపోయింది.
వెనకున్నాయన ఫోనులోంచి తలెత్తాడు.
పోలమ్మ కుళాయి కట్టేసింది.

అర్థం చెప్పొచ్చు.
వాళ్ళ వయసు ప్రశ్నకి ఇది మేనత్త కూతురని చెప్పొచ్చు.
గంగరాజు అన్నప్పుడల్లా కుర్రాళ్ళెందుకు నవ్వుతారో కూడా.
చెబితే రేపట్నించి ఆయనా మనలాగే
బీరువాలో గిన్నె.
చెప్పకపోతే ఇంకో నలుగుర్ని అడుగుతాడు,
ఇంతే ముద్దుగా.

"కూరలోళ్ళమండి" అన్నాను.

"ఆయ్" అన్నాడు.
జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.
పార్శిలు హ్యాండిల్‌కి తగిలించుకుని
కుక్కని జరగమని వేడుకుని
వెళ్ళిపోయాడు.

వెనకాయన మాత్రం
ఏం కూర కావాలో మర్చిపోయి
ఇంకా నా మొహమే చూస్తున్నాడు.