తొడిమతో సహా

గురువారం రాత్రి, అంట్లు తోమడం అయ్యాక
వంటింటి బల్ల మీద మూడు తోటలు పరిచాను.
కరెంటు బిల్లు వెనక రాసుకున్న పేర్లు.
ఆదివారానికి ఒకటి తేల్చాలి.
అక్టోబరులో మా లోయలో వాన లేని ఆదివారం
ఇంకొకటి వస్తుందని పూచీ లేదు.

మొదటిది క్రేన్ వాళ్ళది.
గాడిదలున్నాయి,
మొక్కజొన్న చేలో దారి తప్పే ఆట ఉంది,
వేడి డోనట్లున్నాయి.
ఇస్లా ఓటు గాడిదకి.
మనిషికి పద్దెనిమిది డాలర్లు, లోపలికి వెళ్ళడానికే.
కాయల లెక్క వేరే.
రస్ మాట్లాడకుండా మెడ తడుముకున్నాడు.

రెండోది బ్లెంకార్న్.
తీగలకు కట్టి నిలబెట్టిన భుజమెత్తు చెట్లు.
నిచ్చెన అక్కర్లేదు, నాలుగేళ్ళ పిల్లకైనా అందుతాయి.
అక్కడ సిగ్నల్ వస్తుందా అని
తలెత్తకుండానే అడిగాడు కోల్టన్.
పదిహేనేళ్ళవాడు, వస్తానన్నదే పదివేలు.

మూడోదాని గురించి ఎక్కువ రాసి లేదు.
ఉత్తర కొండ పాదాన. పాత చెట్లు.
గ్రావెన్‌స్టైన్లు అయిపోయాయి, నార్తర్న్ స్పైలు ఉన్నాయి.
డబ్బు డబ్బాలో వేసి వెళ్ళండి.
కుక్క కరవదు.

కిటికీ దగ్గర నాన్న టీ ఊదుకుంటున్నాడు.
"నువ్వేమంటావ్?"
ముప్పై ఒక్క కోతకాలాలు ఈ లోయలో కాయ కోశాడు,
పెట్టెకింత అని కూలి.
"కోసినందుకు నాకిచ్చేవాళ్ళు.
ఇప్పుడు కోసుకోనిచ్చినందుకు నేనివ్వాలా?"
ఏటా ఇదే మాట, ఏటా మేం నవ్వుతాం.
ఈసారి మేం నవ్వేలోపే
కాగితం తన వైపు లాక్కున్నాడు.

క్రేన్ పేరు మీద గోరు పెట్టాడు.
"వీడి తండ్రి, పెట్టె నిండాక
ఇంకో నాలుగు వెయ్యి మర్డాక్, అనేవాడు.
ప్రతి పెట్టెకీ నాలుగు.
అవన్నీ కూడితే ఒక తోట."
బ్లెంకార్న్ దగ్గర గోరు ఆగనే లేదు.
"అవి చెట్లు కావు, కంచె."
మూడోదాని మీద చాలాసేపు ఉంచాడు.
"నిచ్చెనలు కొట్టం వెనక పెడతారు,"
అన్నాడు, టీ కప్పుతో.

నాన్న ఎడమ భుజం కుడిదానికంటే కిందికి ఉంటుంది.
ఏదో చెట్టు మీంచి పడ్డాడని అమ్మ చెప్పేది.
ఏ తోటో ఎప్పుడూ చెప్పలేదు.
నేనూ అడగలేదు, ఆ రాత్రి కూడా.
మిగతా రెండు పేర్లూ కొట్టేశాను.

ఆదివారం ఖాతం మీంచి మంచు వచ్చి
పదింటిదాకా కదల్లేదు.
గాడిద లేదని ఇస్లా కారు దిగనంది,
కుక్క వచ్చి అద్దం నాకేదాకా.
సిగ్నల్ లేదు.
చేసేదేం లేక కోల్టన్ నిచ్చెనెక్కాడు.
కింద రెండు చేతులా పట్టుకున్నాడు నాన్న.
ఎక్కమని మేమెవరం అనలేదు,
ఎక్కుతానని ఆయనా అనలేదు.

"లాగకురా. అరచెయ్యి కింద పెట్టు.
ఇప్పుడు పైకి వంచు,
తలుపు గడియ ఎత్తినట్టు.
తొడిమతో సహా వచ్చేస్తుంది.
పక్కన బొడిపె చూశావా, మొగ్గ.
వచ్చే ఏటి కాయ అదే.
అది విరిచినవాణ్ణి మధ్యాహ్నానికి ఇంటికి పంపేసేవాళ్ళు."
"నిన్ను పంపారా?"
"ఒకసారి."
కోల్టన్ వంచాడు. కాయ వచ్చింది.
పిల్లవాడు ఆ మొగ్గనే చూస్తూ ఉండిపోయాడు,
నిచ్చెన మీద, చేతిలో ఫోన్ లేకుండా.

బుట్ట నిండింది. డబ్బాలో ఇరవై వేశాను.
రస్ బుట్ట ఎత్తబోతుంటే
ఆగమని చెయ్యి చూపించి, నాన్న
కోటు జేబులోంచి తీసి పైన పెట్టాడు.
ఒకటి. రెండు. మూడు.
నాలుగోది నిలవలేదు, దొర్లిపడింది.
కుక్క దాన్ని నోట కరుచుకుని
చెట్ల మధ్యకి పరిగెత్తింది.

"పోనీ," అన్నాడు నాన్న,
"దాని పెట్టెలో వేసుకోనీ."
కారులో చాలా దూరం దాకా
ఒక్కడే నవ్వుకుంటూ కూర్చున్నాడు,
వంగిన భుజం తలుపుకి ఆనించి.
వచ్చే ఏడు మాత్రం గాడిదలేనని
ఇస్లా అందరి చేతా ఒట్టు వేయించుకుంది.