బొగ్గుల కొట్టు ఉన్న చోట

బొగ్గుల కొట్టు పడగొట్టిన రోజు
ఇద్వల్ మధ్యాహ్నం సూప్ ముట్టలేదు.
గ్యాసు వచ్చాక అది ఖాళీయే,
అయినా రొండా లోయ మసి అంతా ఆ ఇటుకల్లోనే ఉంది.
ఇటుకలు వెళ్లిపోయాక అక్కడ సిమెంటు దిమ్మె,
దిమ్మె మీద రబ్బరు కాళ్లతో
బీరువా అంత తెల్ల పెట్టె.
"దీని పొట్టలో ఫ్యాను తప్ప ఏముంది?" అన్నాడు.

అంతకు ముందే నెస్టా వచ్చింది, టేపు పట్టుకుని.
కిటికీకో అంకె,
తలుపు కింద సందుకి ఇంకో అంకె.
నా పెళ్లి గౌను కుట్టినావిడ కూడా
ఇన్ని కొలతలు తీసుకోలేదు.
"చిల్లు ఎంతో తెలిశాకే కదా
కుండలో ఎన్ని నీళ్లు పోయాలో తెలిసేది" అంది.
అటక మీద ఉన్ని దుప్పట్లు పరిచారు,
సన్నటి రేడియేటర్లు పీకి వెడల్పాటివి బిగించారు.
మెట్ల కింద నీళ్ల ట్యాంకు చేరింది,
నా ఇస్త్రీ బల్ల వీధిన పడింది.

"బయట మంచు, లోపలికి వేడా?
రాతి నుంచి నార తీస్తావా పిల్లా?"
నెస్టా వంటింట్లోకి తీసుకెళ్లి
ఫ్రిజ్ వెనక అతని చెయ్యి పెట్టించింది.
"పాలలోంచి తీసి ఇక్కడ పోస్తోంది చూడండి.
మీ పెట్టెకి లోయంతా ఫ్రిజ్జే."
ఇద్వల్ కాసేపు చెయ్యి తీయలేదు.
ఒప్పుకోనూ లేదు.

మొదటి వారం యుద్ధం.
రేడియేటర్ మీద అరచెయ్యి ఆనించి
"దీనికి జ్వరం కూడా లేదు" అంటాడు.
నిజమే, సోమవారం వేసిన మేజోళ్లు
బుధవారానికి ఆరేవి.
పడుకునే ముందు ఆపేసేవాడు,
పొయ్యి ఆర్పకుండా పడుకునే ఇల్లు కాదు మాది.
తెల్లారి ఐదింటికి పూర్తిగా పెంచేవాడు.
అది రొప్పేది. మీటరు పరిగెత్తేది.
ఇల్లు మాత్రం మధ్యాహ్నం దాకా కదిలేది కాదు.
ఫోన్లో నెస్టా నవ్వలేదు:
"గుర్రంలా తోలకండి ఇద్వల్ గారూ,
రాత్రీ పగలూ నత్తలా పోనివ్వండి.
ముట్టుకోకండి."
ముట్టుకోకుండా ఉండటం
ఆ చేతులకి ఎవరూ నేర్పని పని.

జనవరిలో, లోయ గడ్డకట్టిన రాత్రి,
కిటికీ అవతల తెల్లగా లేచింది.
"పొగ!"
చెప్పుల్లేకుండా పరిగెత్తాడు,
యాభై ఏళ్ల కింద గనిలో పరిగెత్తినట్టు,
ఇప్పటి ఊపిరితిత్తులతో.
కోటు పట్టుకుని వెనకాలే నేను.
పొగ కాదు, ఆవిరి.
ఒంటి మీద పేరుకున్న మంచుని
అదే కరిగించుకుంటోంది,
మా ఇంటి వేడి ఒక గుక్కెడు అప్పు తీసుకుని.
ఫ్యాను ఆగి ఉంది.
ఇద్వల్ ముఖం కూడా.
నాలుగు నిమిషాలు. నేను లెక్కపెట్టాను.
ఫ్యాను తిరిగాక
గోడకి జారబడ్డాడు.

దీపం ఆర్పాక చెప్పాడు,
యాభై రెండేళ్ల కాపురంలో మొదటిసారి:
"గనిలో దేవుడు వినపడడు, హైల్వెన్.
పైన తిరిగే ఫ్యాను గాలి చెంపకి తగులుతుంది.
తగులుతున్నంతసేపూ తవ్వేవాళ్లం.
ఒకసారి ఆగింది."
తర్వాత ఏమైందో చెప్పలేదు.
నేను అడగలేదు.

కరిగిన నీళ్లు దారి మీద గడ్డకట్టి
మర్నాడు పోస్ట్‌మన్ జారిపడ్డాడు.
ఇద్వల్ పాత బొగ్గు పార తీసి
పెట్టె పక్కన గొయ్యి తవ్వాడు,
నాలుగు తవ్వులకోసారి దగ్గుతూ,
గులకరాళ్లు నింపాడు.
పార కడిగాడు. మసి పోలేదు.

ఇప్పుడు మార్చి. బిల్లు వచ్చింది.
కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూశాను,
గ్యాసు కన్నా మహా తక్కువేం కాదు.
కానీ వంటింటి మూల గోడ
ఈ చలికాలం చెమ్మగిల్లలేదు.
ఇద్వల్ మంచాన్ని పెట్టె వైపు జరిపించాడు.
రాత్రి కిటికీ వేలెడు తెరిచి,
అటు చెవి పెట్టి పడుకుంటాడు.
వేడంతా పోతోంది అంటే
నెస్టాకి చెప్పకు అంటాడు.