తెల్ల గంటె

సొహార్‌ల సూర్యుడు లేవకముందే
నిచ్చెన భుజాన వేసుకొని మిద్దెలెక్కుత.
పొడుగు కట్టెకు బిగించిన తెల్ల గంటె నా పనిముట్టు.
పప్పు వోసేది కాదు,
నీళ్లల్ల నలుసులు లెక్కవెట్టేది.

తలకిందులుగ వేలాడే పురుగైతే దాని కథ వేరు.
నీటి మీద అడ్డంగ, ఈతాకు ముక్క తీర్గ
పండుకున్నదైతే
అది సలిజరం బిడ్డ.

ట్యాంకుకు పదిసార్లు ముంచాలె.
పదిసార్లు వెలుతురుకు వట్టి చూడాలె.
కాయితం మీద సున్న రాయాలె.
పన్నెండేండ్ల సంది సున్నలు రాసుడే నా కొలువు.
ఇంటికి ఫోన్ల చెప్తె నవ్వుతరు:
"ఏం జరగకుండ చూసుడు గూడ పనేనా?"

మా హుమైద్ తాత నవ్వడు.
బక్కెట్ల చిన్న చేపలు తెచ్చి బావిల ఇడుస్తడు,
బిస్మిల్లా అనుకుంట.
తన చిన్నప్పుడు ఖర్జూరం పండిందంటే
ఊరంత వణికేదట,
మండుటెండల గొంగళ్లు కప్పుకొని.
ఇద్దరు అక్కల్ని ఒక్క కోతలనే పోగొట్టుకున్నడు.
పేర్లు చెప్పడు. చేపల్ని మాత్రం లెక్కవెట్టి ఇడుస్తడు.

మొన్న క్యాంపుల, పద్నాలుగో రూముల
ఏసీ బందువెట్టి మూడు దుప్పట్ల కింద దొరికిండు
సిడాం భీంరావు.
ఉట్నూరు వానల్ల నెలరోజుల సెలవు గడిపి వచ్చిండు.
"టెస్టు వద్దన్నా, ఎల్లగొడ్తరు" అన్నడు
పండ్లు టకటక కొట్టుకుంటుంటె.
వేలు వట్టి సూది గుచ్చిన.
అద్దం మీద ఒక్క చుక్క.
ల్యాబుల జవాహిర్ చూసి, జరిగి, నన్ను చూడుమన్నది:
ఊదారంగు సన్నటి ఉంగరాలు.

ఇగ ఆ చుట్టు మా పరుగు.
ప్రతి మిద్దె, ప్రతి గుంత, సిమెంటు తడిపే తొట్లు,
సున్న, సున్న, సున్న.
ఆఖరికి మా రూము ఎనక
ఏసీ నీళ్లు కారే డ్రమ్ము.
నా గోంగూరకు నేనే పెట్టిన డ్రమ్ము.
గంటె ముంచిన.
అడ్డంగ పండుకొని ఉన్నయి,
ఏడు.

హుమైద్ తాత చూసిండు, ఏమనలే.
డ్రమ్మును నేనే బోర్లేసిన.
ఇసుక గుటగుట తాగింది.
కాయితం మీద మా రూము నంబరు రాసి
పక్కన ఏడు అంకె వేస్తుంటే
పన్నెండేండ్ల చెయ్యి
ఆ గీత ఎట్ల వంగాల్నో మర్చిపోయింది.

భీంరావుకు గోళీలు పద్నాలుగు దినాలు.
ఎల్లగొట్టలే ఎవ్వలు.
దోమతెరల కూసొని రోజు అడుగుతడు:
"అన్నా, గోంగూర బతుకుతదా?"
చెంబుతోని పోస్తున్న. చూడాలె.