గుంట

బారువ ఒడ్డుకి మొదటి పడవ చేరేసరికి
చీకటి ఇంకా తడిగానే ఉంటుంది.
సోంపేటలో మంచుపెట్టెలోంచి తీసి తూచేది
చేప కాదు, చేప పేరు, అంటుంది కారమ్మ.
అందుకే ఆదివారం అలారం నాలుగున్నరకి.
స్కూటీ డిక్కీలో సంచి, సంచిలో చిల్లర.

మొదటిసారి నేను గంపకేసి మొహమాటంగా చూశాను,
పెళ్ళిచూపుల్లో పిల్లని చూసినట్టు.
కారమ్మ విరగబడి నవ్వింది.
"ఓలె గుంటా, పోస్టాఫీసులో స్టాంపులేటి, అలగ సూస్తన్నావు?
కన్ను సూడు. ఉబ్బుంటే రేత్రి దాకా ఈదింది.
లోతుకి పోయిందా, వొగ్గీ.
మొప్ప ఎత్తు, మందారంనాగ ఉండాల.
ఏలెట్టి నొక్కు.
గుంట పడి ఎంటనే లేసిందా, అది సేప.
గుంట గుంటనాగే ఉండిపోయిందా,
ఆ గంప దాటి ఎల్లిపో. అది నాదైనా సరే."

నాలుగేళ్ళు నొక్కాను.
కవ్వళ్ళు, కానాగంతలు,
పోస్టుమాస్టరు రిటైరైన రోజున ఒకే ఒక్క కోనాం.
రొయ్యకి వేలక్కర్లేదు,
తల మొండేన్ని అంటిపెట్టుకున్నంతసేపూ నమ్మొచ్చు.
వెన్నెల రోజుల్లో పీత డొల్ల.
మండువేసవిలో పచ్చి జీడిపిక్కలు వలిచి
రొయ్యలతో ఇగర్చబోయి వేళ్ళు కాల్చుకున్నాను,
నల్లబడ్డ తోలు వారం రోజులు ఊడింది,
మళ్ళీ ఆదివారం మళ్ళీ అదే వండాను.

వేట నిషేధం ఎత్తేసిన జూన్లో వెళ్తే
తక్కెడ మనవరాలు దేవకి చేతిలో ఉంది.
కారమ్మ ఇసకలో కాళ్ళు బారజాపుకుని కూర్చుంది.
ఏమైందన్నాను.
నా బొటనవేలు పట్టుకుని
తన కాలి మడమ పైన ఆనించింది.
"నొక్కు."
నొక్కాను.
అటుగా ఒక పడవ ఒడ్డెక్కింది, దాని వెనక ఇంకొకటి.
జనం అటు పరిగెత్తారు, పాట మొదలైంది,
పాట ముగిసింది.
గుంట అలాగే ఉంది.

"వారానికి రెండుసార్లు పలాస ఎల్లాల, గొట్టాలెడతారు.
మా ఈదిలో నాను ఏడోదాన్ని.
నీరు కొలిసి తాగమన్నారే గుంటా.
ఇంత సంద్రం ముందర కూకొని
గలాసులు లెక్కెడతన్నాను."

ఆ పూట దేవకి చెప్పిన ధరకే నోట్లు తీశాను.
కారమ్మకి కోపం వచ్చింది.
"బేరం ఆడవేటి? జాలి కేజీ ఎంతే?"
ఆడాను. గొంతు సరిగ్గా రాలేదు గానీ ఆడాను.
ఇరవై తగ్గించి, రెండు కవ్వళ్ళు పైన వేయించింది.

ఇంటికొచ్చి ఒక్కోదాన్నీ నొక్కి చూశాను.
అన్నీ లేచాయి.

చింతపండు పులుసు మరుగుతుంటే
ఉప్పుడబ్బా దగ్గర చెయ్యి ఆగింది.
కాసేపే.
తర్వాత వేశాను, ఎప్పుడూ వేసేంతే.
నా చప్పిడి పులుసు
ఎవరి కాళ్ళలో నీటినీ దించదు.