పర్సోం

"తాళంచెవి ఎప్పుడిచ్చాడమ్మా?" అన్నాడు వకీలు.
"పర్సోం" అంది ఖుర్షీద్ బీ.
నేను "మొన్న" అని కొట్టాను.

పురానీ హవేలీలో స్మాల్ కాజెస్ కోర్టు.
ఆమెది లాడ్‌బజార్ వెనక లక్క గాజుల దుకాణం.
మొన్న అంటే మంగళవారం.
దావా వేసి అప్పటికి పదకొండేళ్లు.

అవతలి వకీలు నవ్విన నవ్వుకి
వెంటిలేటర్లో పావురం లేచిపోయింది.
"పర్సోం అంటే ఏ రోజు?" అన్నారు జడ్జి గారు.
ఆమె నఖాబ్ సర్దుకుని, పసిపిల్లాడికి చెప్పినట్టు,
"నిన్న కాదు సాబ్. అంతే."

ఆయన కళ్లజోడు తుడిచి తుడిచి
"ఉన్నదున్నట్టు కొట్టండి" అన్నారు.
మొన్న మీద తెల్ల సిరా పూసి, ఆరేదాకా ఊది,
పర్సోం కొట్టాను. అక్షరాలు కొంచెం పైకి పడ్డాయి.

మధ్యాహ్నం డబ్బా విప్పకుండా ఆ మాట వెంట పడ్డాను.
నకళ్ల సెక్షన్లో శేషభట్టర్ గారు,
సంస్కృతం చదివి స్టాంపులు అతికిస్తూ ముసలాయనైన మనిషి,
"పరశ్వః" అన్నారు. "రేపటికి అవతలిది. మన ఎల్లుండి."

ఎల్లుండిగా పుట్టిన మాట
దారిలో ఏ సరాయిలో పడుకుందో,
పొద్దున లేచి ఎటు బయల్దేరాలో మరిచి
రెండు వైపులా నడిచిందట.
హిందీలో ఇప్పటికీ మొన్నా అదే, ఎల్లుండీ అదే.
మూసీ ఒడ్డుకొచ్చాక మాత్రం
దాని వెనక గోడ కూలిపోయింది.

పేష్కారు గఫూర్ మియా పాన్ దవడ మార్చాడు.
"ఈ కుర్సీ ఇరిగింది పర్సోం. మా అమ్మీ పోయింది పర్సోం.
కోఠీల డబల్ డెక్కర్ ఎక్కి
టికెట్ లేకుంట దుంకింది పర్సోం.
తారీఖు ఏస్తే పాతవడ్తది గదమ్మా!"

నాకు నచ్చలేదు.
నిన్న, మొన్న, అటుమొన్న,
మా ఇంట్లో దేని గడప దానిదే.

సాయంత్రం కేసు వాయిదా పడింది.
ఎప్పటికని ఖుర్షీద్ బీ అడిగితే
బంట్రోతు "ఎల్లుండి" అన్నాడు.
అది ఏప్రిల్.
ఎల్లుండి, దసరా సెలవులు దాటాక వచ్చింది.
ఆమె కూడా వచ్చింది, అదే సంచితో.

నిన్న బస్సులో పక్క సీటావిడ,
మా చెల్లెలితో చదువుకున్న మనిషి,
"వకుళ ఎలా ఉంది? ఎప్పుడు మాట్లాడావు?" అంది.
నా నోరు దానంతటదే తెరుచుకుని
ఆ మాట అనేసింది.

అఫ్జల్‌గంజ్ నుంచి చాదర్‌ఘాట్ దాకా
సంచి కింద వేళ్లు మడిచి లెక్కపెట్టాను.
ఏళ్లకి
ఒక చెయ్యి చాలలేదు.